ఐపీ కాయితాలు, లక్క సీళ్లు

పొద్దున్నే కాఫీ హోటలు అరుగు మీద "ఫలానా వాళ్లు ఐపీ అంట" అన్న మాట పడితే చాలు, పది గంటలకల్లా ఆ కొట్టు ముందు సైకిళ్లు బారులు తీరేవి. గుంటూరు పట్నంబజారు, బెజవాడ వన్‌టౌను, తెనాలి, చీరాల, నరసరావుపేట, ఏ ఊరైనా అదే తీరు. వచ్చినవాళ్లలో సగంమందికి రావలసిన బాకీ ఉండేది, మిగతా సగం చూడ్డానికి వచ్చినవాళ్లు. లోపల గుమస్తా ఒక్కడే గల్లాపెట్టె పక్కన నిలబడి "అయ్యగారు ఊళ్లో లేరండీ" అని చెప్పిందే చెబుతుండేవాడు.

ఇప్పటి పిల్లలకు ఐపీ అంటే కంప్యూటరు చిరునామా. అప్పట్లో అది ఇన్‌సాల్వెన్సీ పిటిషను, కోర్టులో పెట్టే దివాలా అర్జీ. ఆ పూర్తి పేరు వకీలు గుమస్తాలకు తప్ప ఎవరికీ నోరు తిరిగేది కాదు, అయినా ఐపీ అంటే తెలియని మనిషి బజారులో లేడు. వ్యాపారులు ఈ మాటల్ని చాలా లెక్కగా వాడేవారు. "చేతులెత్తేశాడు" అంటే అడిగినవాళ్లకు లేదని చెప్పేశాడని. "జెండా ఎత్తేశాడు" అంటే రాత్రికి రాత్రి ఊరొదిలాడని. "బోర్డు తిప్పేశాడు" అన్నది చీటీలవాళ్లకూ ఫైనాన్సు కంపెనీలకూ ప్రత్యేకం. కోర్టు మెట్లెక్కి కాయితం దఖలు చేసినవాడిని మాత్రమే "ఐపీ పెట్టాడు" అనేవారు. ఈ నాలుగింటిలో చట్టం చెప్పినట్టు నడిచినవాడు చివరివాడే. ఊరు ఎక్కువ తిట్టింది కూడా వాడినే.

ఆ కాయితానికి మూలం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలకు 1909లో వచ్చిన చట్టం వేరే ఉండేది. మన జిల్లాలకు ఇది. అప్పులు 500 రూపాయలకు చేరి తీర్చే తాహతు లేకపోతే అప్పున్నవాడు తానే పిటిషను పెట్టుకోవచ్చు. అంత అప్పు లేకపోయినా, డబ్బు డిక్రీ మీద అరెస్టయి ఉన్నా, ఆస్తి జప్తులో ఉన్నా పెట్టుకోవచ్చు. అప్పిచ్చినవాళ్లు కూడా వేయవచ్చు, కానీ వాళ్లకు గడువు గట్టిది. దివాలా చర్య అని చట్టం చెప్పిన పని ఏదో ఒకటి జరిగిన మూడు నెలల్లో వేయాలి. అప్పులవాళ్లకు దొరక్కుండా ఊరొదలడం, ఎవరికీ కనపడకుండా తలుపులేసుకు కూర్చోవడం, చెల్లింపులు ఆపేశానని నోటీసివ్వడం, ఆస్తి ఒకరికి అన్యాయంగా రాసివ్వడం, అన్నీ ఆ జాబితాలోవే. అంటే గుమస్తా చెప్పిన ఆ "ఊళ్లో లేరండీ" కూడా పనికొచ్చే సాక్ష్యమే. అప్పిచ్చినవాళ్లలో తెలివైనవాడు ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకు వెళ్లి ఆ మాట వాళ్ల చెవినపడేలా అడిగి, తారీఖు రాసిపెట్టుకునేవాడు.

ఐపీ పెట్టింది అప్పు ఎగ్గొట్టడానికే అనుకునేవారు బయటివాళ్లు. చాలామందికి అసలు భయం అరెస్టు. ప్రోనోటు మీద దావా, దావా మీద డిక్రీ, డిక్రీ మీద ఈపీ, అంటే డిక్రీ అమలు చేయమని పిటిషను. ఈపీలో మనిషిని పట్టుకుని సివిలు జైల్లో పెట్టమని అడగవచ్చు, మూడు నెలల దాకా. జైల్లో ఉన్నన్నాళ్లూ వాడి తిండిఖర్చు, బత్తా, పెట్టించినవాడే కట్టాలి. కక్ష ఉన్నవాళ్లు అది కూడా కట్టేవారు. 1980లో కొచ్చిన్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, లేనివాణ్ణి లేదన్నందుకే జైల్లో వేయకూడదు, ఉండి ఇవ్వనివాణ్ణే వేయాలి అని తేల్చింది. ఆ తీర్పు జిల్లా కోర్టుల అలవాటులోకి దిగడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈలోపు కోర్టు బంట్రోతు అమీనా వారంటు పట్టుకుని వీధి మలుపు తిరిగేసరికి సబ్ కోర్టులో ఐపీ నంబరు పడిపోయి ఉండాలి, ప్రొటెక్షను ఆర్డరు కోసం అర్జీ లోపల ఉండాలి. వకీలు గుమస్తాల పరుగంతా అందుకే.

బజారులో ముదుర్లు కొన్ని గుర్తులు చూసేవారు. చిల్లర బాకీలు ఠంచనుగా తీరుస్తూ పెద్ద బాకీలకు వాయిదా చెబుతుంటే ఒక గుర్తు. మామూలుగా పది బేళ్లు తెప్పించేవాడు ముప్ఫై బేళ్లు అరువు మీద తెప్పించి, అసలు ధర కంటే తక్కువకు నగదుకు పోసేస్తుంటే అది ఇంకా పెద్ద గుర్తు. రూపాయిన్నర వడ్డీకి ఇచ్చేచోట రెండున్నర ఇస్తానని తనంతట తనే అనడం. నోటు మీద చెల్లు వేయమంటే "రేపు చూద్దాం" అనడం. ఈ చెల్లు సంగతి చిన్నది కాదు. ప్రోనోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది. గడువులోపు పదో పరకో జమ కట్టించి, నోటు వెనక "ఈరోజు అసలు కింద ఇంత చెల్లు" అని బాకీదారు చేత రాయించి సంతకం పెట్టిస్తే మళ్లీ మూడేళ్లు. కొంప మునగబోతున్నవాడు తేలిగ్గా డబ్బిస్తాడు గానీ సంతకం పెట్టడు. అది గమనించినవాళ్లు మర్నాడే రిజిస్ట్రారాఫీసుకు వెళ్లి ఈసీ తీయించేవారు, ఇల్లూ పొలం ఇంకా వాడి పేరునే ఉన్నాయా లేదా అని.

పిటిషను కాయితం గురించి కాస్త చెప్పాలి. అసలు పిటిషను రెండు మూడు పేజీలే. బరువంతా వెనకున్న జాబితాలది. ఒకటి అప్పుల షెడ్యూలు: అప్పిచ్చినవాడి పేరు, తండ్రి పేరు, ఊరు, వీధి, మొత్తం, నోటు తారీఖు, చేబదులా తాకట్టా ఖాతా బాకీయా. రెండోది ఆస్తుల షెడ్యూలు: స్థిరాస్తి హద్దులతో సహా, చరాస్తి విలువలతో సహా, తనకు రావలసిన బాకీలు, చిట్టా (రోజువారీ పద్దు), ఆవర్జా (ఖాతాల పుస్తకం) ఎన్ని పుస్తకాలున్నాయో ఆ వివరం. ఆస్తి అంతా కోర్టు స్వాధీనం చేయడానికి సిద్ధమే అని ఒక మాట. అందులో సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను వదిలిపెట్టినవి ఉండవు: కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచం పరుపు, చేతిపనివాడి పనిముట్లు, మత ఆచారం ప్రకారం ఆడమనిషి ఒంటిమీంచి తీయకూడని నగలు. మంగళసూత్రం జప్తు కాదన్న ధైర్యం మన ఇళ్లలో ఆ సెక్షను వల్లే. అయితే సూత్రాలు తాడుకే ఉన్నాయా, ఆరు కాసుల గొలుసుకు ఉన్నాయా అన్న పేచీ ఎప్పుడూ వచ్చేదే.

అరవైమంది అప్పిచ్చినవాళ్లుంటే అరవై ప్రతులు కావాలి, ఒక్కొక్కరికీ నోటీసు వెళ్లాలి కాబట్టి. రెమింగ్టన్ మిషను మీద పలచటి కాయితాలు అయిదూ ఆరూ పెట్టి, మధ్యన కార్బన్లు దూర్చి, గట్టిగా కొట్టేవారు. నాలుగో ప్రతి దాకా అక్షరం తెలిసేది. అయిదోది నీలం మరక. ఆ అయిదో ప్రతి ఎప్పుడూ చివరి పేర్లవాళ్లకే అందేది: పాలవాడు, కొట్టు ఊడ్చే మనిషి, బళ్లు తోలే కూలీలు. పేర్ల వరుసలో బ్యాంకు ముందు, తాకట్టువాళ్లు తర్వాత, నోట్లవాళ్లు, సరుకు అరువిచ్చినవాళ్లు, చిట్టచివర వీళ్లు. డబ్బు చేరే వరుస కూడా ఇంచుమించు అదే.

షెడ్యూల్లో తప్పులు రెండు రకాలు. తెలియక జరిగేది ఒకటి: ఒక పేరు మరిచిపోవడం, చిరునామా తప్పడం. నోటీసు అందనివాడు వాయిదాకు రాడు, తర్వాత లేచి మొత్తం తిరగదోడతాడు. తెలిసి జరిగేది రెండోది: లేని అప్పు చూపడం. బావమరిది పేర పాతిక వేలు, తోడల్లుడి పేర నలభై వేలు, పాత స్టాంపు సంపాదించి వెనక తారీఖుతో నోటు. వీళ్లకూ వాటా పంచితే ఆ డబ్బు తిరిగి ఇంటికే వస్తుందన్నమాట. దొంగ నోటు పట్టుకోవడానికి పాత వకీళ్లు చిట్టా చూసేవారు. ఆ తారీఖున నగదు జమ పడిందా? పడితే అంత నగదు ఆ సాయంత్రం నిలవలో కనపడుతుందా? ఆవర్జాలో ఖాతా పేజీ మధ్యలో ఉందా, పుస్తకం చివర ఖాళీ పేజీలో కొత్త సిరాతో ఉందా? ఆ మూడు ప్రశ్నలకే చాలా నోట్లు కూలేవి.

అన్నిటికంటే ఎక్కువ రగడ పసుపు కుంకుమల మీద. కూతురికి రెండెకరాలు పసుపు కుంకుమ కింద, భార్యకు ఇల్లు దఖలు దస్తావేజుగా, కొడుకులతో పంపకాల చీటీ, ఈ మూడూ ఐపీకి ముందు ఏడాదిలోనే పుట్టుకొచ్చేవి. చట్టంలో 53వ సెక్షను దీనికే ఉంది. పిటిషనుకు వెనక రెండేళ్లలోపు ఊరికే రాసిచ్చిన ఆస్తి దస్తావేజును రిసీవరు, అంటే ఆస్తి స్వాధీనానికి కోర్టు వేసే మనిషి, కొట్టివేయించవచ్చు. పెళ్లికి ముందు, పెళ్లిని బట్టి రాసినదైతే నిలుస్తుంది. నిజాయితీగా సొమ్మిచ్చి కొనుక్కున్నవాడిదీ నిలుస్తుంది. కాబట్టి దస్తావేజు తారీఖుకూ శుభలేఖ తారీఖుకూ మధ్య ఎన్ని రోజులన్నది వాదన. శుభలేఖలు కోర్టులో ఎగ్జిబిట్లుగా పడిన కేసులివే. ఒకరిద్దరు అప్పులవాళ్లను మాత్రం ఎంచుకుని తీర్చేసి మిగతావాళ్లకు మొండిచెయ్యి చూపితే, అది మూడు నెలల లోపుదైతే 54వ సెక్షను కింద పోతుంది. బావమరిదికి ముందే తీర్చేసిన బాకీలు ఇలా వెనక్కి వచ్చేవి.

పిటిషను పడ్డాక, అవసరమనిపిస్తే కోర్టు మధ్యంతర రిసీవర్ని వేస్తుంది. జిల్లాకో అఫీషియల్ రిసీవరు, మామూలుగా ఒక వకీలు గారే. ఆయన గుమస్తా, ఇద్దరు సాక్షులు, తాళం, లక్క, కొవ్వొత్తి, ఒక ఇత్తడి ముద్ర. కొట్లో సరుకు లెక్కరాసి మహజరు కట్టేవారు: కోరా బట్ట ఇన్ని తానులు, పాంట్లబట్ట ఇన్ని మీటర్లు, బీరువా ఒకటి, త్రాసు ఒకటి, సీలింగు ఫ్యాను ఒకటి, దేవుడి పటాలు నాలుగు. దేవుడి పటాలకు విలువ గడిలో గీత గీసేవారు. తాళం మీద గుడ్డ చుట్టి, దారం కట్టి, ముడి మీద ఎర్ర లక్క కరిగించి ముద్ర వేసేవారు. ఆ లక్క ఎండకు మెత్తబడి కారుతుందని షట్టరు నీడ పడే వైపే సీలు పెట్టేవారు.

సీలు పడ్డాక సరుకు సంగతి ఎవరూ మాట్లాడరు. నష్టమంతా అక్కడే. మిర్చి బస్తాలు మామూలు గోడౌన్లో ఒక వానాకాలం ఉంటే రంగు తిరుగుతుంది, తేమ తగిలితే బూజు, ఎండితే తూకం తగ్గి గింజ రాలుతుంది. బట్టల కొట్లో ఎలుకలు, మడత మీద రంగు పోవడం. నూనె మిల్లులో రోటరీ ఆగిపోతే గానుగలో మిగిలిన చెక్క గట్టిపడి షాఫ్టు పట్టేస్తుంది. రైసు మిల్లులో ముందు మాయమయ్యేవి మోటార్లలోని రాగి తీగ, తర్వాత తోలు బెల్టులు, తర్వాత రబ్బరు రోళ్లు. కరెంటు బకాయి కట్టకపోతే సర్వీసు పీకేస్తారు. కొనేవాడు మళ్లీ ఆ బకాయి కడితేనే లైను అంటారు, అంతమేరా పాట తగ్గుతుంది. చట్టం ప్రకారం వాయిదాలు నడుస్తుంటే సరుకు దాని ప్రకారం అది కుళ్లిపోయేది. మూడు లక్షల మహజరు రెండేళ్లకు వేలంలో అరవై డెబ్భై వేలు పలికితే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు.

వేలంపాట మరో ముచ్చట. దండోరా, కోర్టు గోడ మీద నోటీసు, పాట రోజున పదిమంది. ఆ పదిమందీ ముందురోజు రాత్రే కూడబలుక్కుని ఉంటారు. ఒకడు పాడతాడు, ఇంకొకడు వందా రెండొందలు పెంచి ఆగిపోతాడు. సాయంత్రం హోటల్లో వాళ్లలో వాళ్లు రెండో పాట వేసుకుని, తేడా పంచుకుంటారు. డిక్రీ అమలు వేలాల్లో పాట కొట్టిన వెంటనే నాలుగో వంతు కట్టాలి, మిగతాది 15 రోజుల్లో. కట్టకపోతే మళ్లీ వేలం. ఈ నిబంధన తెలియక మోజులో పాడేసి నాలుగో వంతు పోగొట్టుకున్నవాళ్లు ఊరికొకరు ఉండేవారు.

వచ్చిన డబ్బులో ఖర్చులు పోగా ముందు సర్కారు బాకీలు, స్థానిక సంస్థల బాకీలు, వాటితో పాటే గుమస్తాల, నౌకర్ల, కూలీల జీతాలు. వినడానికి బాగుంటుంది. ఆ జీతాల మీద చట్టం పెట్టిన హద్దు చదవాలి: పిటిషనుకు ముందు నాలుగు నెలల పనికి, మనిషికి మొత్తం 20 రూపాయలు దాటకూడదు. 1920లో ఆ 20 రూపాయలకు విలువుంది. 1985లో అది రెండు రోజుల కూలి. తాకట్టున్న బ్యాంకు ఈ వరుసలోకే రాదు, తన తాకట్టు తను అమ్ముకుంటుంది.

అందుకే కోర్టు కంటే పెద్దమనుషుల సెటిల్‌మెంట్లే ఎక్కువ తేల్చేవి. అసోసియేషన్ హాల్లో చాప పరిచి, రూపాయికి ఆరణాలా, పావలానా అన్న బేరం. అణాలు పోయి పాతికేళ్లయినా దివాలా లెక్క అణాల్లోనే నడిచింది. చట్టంలోనూ రాజీకి దారి ఉంది. బాకీలు రుజువు చేసుకున్నవాళ్లలో ఎక్కువమంది, విలువలో నాలుగింట మూడొంతుల వాళ్లు ఒప్పుకుంటే కోర్టు ఆమోదించవచ్చు. ఇక విడుదల, అంటే డిశ్చార్జి. దివాలాకోరుగా ప్రకటించిన ఆర్డరులోనే దానికి దరఖాస్తు చేసుకునే గడువు ఉంటుంది. ఆస్తి అప్పుల్లో సగానికి కూడా సరిపోకపోతే, అది తన తప్పు వల్ల కాదని చూపిస్తే తప్ప, పూర్తి విడుదల ఇవ్వకూడదని నియమం. చాలామంది అసలు దరఖాస్తే పెట్టలేదు. ప్రొటెక్షను దొరికింది, అరెస్టు తప్పింది, అంతటితో చాలనుకున్నారు. గడువు దాటితే ప్రకటన రద్దవుతుంది, అప్పులు మళ్లీ లేచి కూర్చుంటాయి, కోర్టు అనుమతి లేకుండా రెండోసారి ఐపీ పెట్టుకోనివ్వరు. ఈ ఒక్క దరఖాస్తు మరచిపోవడం వల్ల పదేళ్ల తర్వాత జప్తు నోటీసు వచ్చిన ఇళ్లున్నాయి.

ఐపీకి అసలు దెబ్బ కొట్టింది దివాలా చట్టం కాదు, చెక్కు. 1989 ఏప్రిల్ 1 నుంచి చెక్కు బౌన్సు నేరమైంది, 138వ సెక్షను. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే క్రిమినలు కేసు. అంతే, అప్పిచ్చేవాళ్లు ప్రోనోటుతో పాటు తారీఖు వేయని చెక్కులు అయిదూ పదీ సంతకం పెట్టించి దాచుకోవడం మొదలుపెట్టారు. ఐపీ పెట్టినా సివిలు అప్పుకే రక్ష, క్రిమినలు కేసుకు కాదు. 1994-95లో రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చి నెల్లూరు, భీమవరం వైపు చెరువులు తుడిచిపెట్టుకుపోయినప్పుడు మేత డీలర్లు, ఐసు ఫ్యాక్టరీలవాళ్లు, సీడు అరువిచ్చినవాళ్లు గొలుసుగా పడ్డారు. వాళ్లు భయపడింది అమీనా వారంటుకు కాదు, మేజిస్ట్రేటు కోర్టు సమన్లకు.

హైదరాబాదు కథ వేరు. ఆజామాబాదు, సనత్‌నగర్, బాలానగర్, తర్వాత జీడిమెట్ల, చర్లపల్లి. ఇక్కడ మాట ఐపీ కాదు, "సీజ్ చేశారు". ఎస్టేటు ప్లాటులో షెడ్డు, రెండు లేతు మిషన్లు, ఒక షేపరు, ఒక మిల్లింగు, ఎనిమిదిమంది పనివాళ్లు. టర్ము లోను స్టేటు ఫైనాన్షియల్ కార్పొరేషనుది, వర్కింగు క్యాపిటలు బ్యాంకుది, పని ప్రభుత్వరంగ పెద్ద ఫ్యాక్టరీలది. ఈ యూనిట్లు పని లేక మూతపడలేదు. పని చేతినిండా ఉండగానే మూతపడ్డాయి. ఎలాగన్నది ఒక లెక్కలో తెలుస్తుంది.

నెలకు 2 లక్షల బిల్లు చేసే యూనిట్ అనుకోండి. బిల్లు 30 రోజుల్లో పాసైతే బయట చిక్కుకునేది 2 లక్షలు. 120 రోజులకు పాసైతే 8 లక్షలు. బ్యాంకు 90 రోజులు దాటిన బాకీని లెక్కలోకి తీసుకోదు, కాబట్టి 6 లక్షలే చూస్తుంది. నూటికి 40 మార్జిను తీసేస్తే ఇచ్చేది 3 లక్షల 60 వేలు. మిగిలిన 4 లక్షల 40 వేలు ఓనరు ఎక్కడినుంచో తేవాలి. బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 8,800. రెండు లక్షల బిల్లు మీద నూటికి అయిదు లాభం వేసుకుంటే 10,000. చేతికి 1,200 మిగుల్తుంది, అదీ ఏ ముక్కా రిజెక్టు కాకపోతే. ఒక్క లాటు రిజెక్టయితే ఆ నెల పీఎఫ్ కట్టడు. పీఎఫ్ కట్టకపోవడంతోనే పతనం మొదలు, ఎందుకంటే దాన్ని అడిగేవాడు ఆ నెల రాడు. తర్వాత ఈఎస్ఐ, తర్వాత సేల్సు టాక్సు, తర్వాత ఫైనాన్షియల్ కార్పొరేషను వాయిదా. కరెంటు బిల్లు మాత్రం చివరిదాకా కడతాడు, ఫ్యూజు పీకేస్తారు కాబట్టి. మూతబడే యూనిట్ల బాకీల వరుస ఏ షెడ్డులో చూసినా ఇదే.

వాయిదాలు తప్పితే 1951 నాటి స్టేటు ఫైనాన్షియల్ కార్పొరేషన్ల చట్టం 29వ సెక్షను. కోర్టుతో పని లేదు. అధికారి వచ్చి యూనిటు స్వాధీనం చేసుకుని తాళం వేయవచ్చు, అమ్మవచ్చు. ఇక్కడా అదే లక్క, అదే గుడ్డ చుట్టిన తాళం. మధ్యలో మిషను మీద సగం కోసిన జాబు, అంటే చేస్తున్న ముక్క, అలాగే చక్‌లో బిగించి ఉండిపోయేది. ఆ జాబు కస్టమరుదని, ముడిసరుకు కూడా కస్టమరిచ్చిందని చెప్పుకుని విడిపించుకోవడానికి వేరే తిప్పలు. డెలివరీ చలానా, గేటు పాసు ఫైలులో ఉన్నవాడికే అది తిరిగి దక్కేది. "ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే" అన్న షరతుతో సీలు టెండర్లు పిలిచేవారు. మిషన్ల కంటే ఎస్టేటు ప్లాటుకే పోటీ. లేతు కిలోల లెక్కన తుక్కుకు పోయేది.

ఖాయిలా పరిశ్రమల చట్టం, 1985ది, ఉండేదిగా అనవచ్చు. ఉండేది. ఖాయిలా పడ్డ కంపెనీల సంగతి తేల్చే బోర్డు బీఐఎఫ్ఆర్‌. దానికి వెళ్లే తలుపు చిన్న యూనిట్లకు లేదు. చిన్నతరహా, అనుబంధ పరిశ్రమలను ఆ చట్టం నిర్వచనంలోనే పక్కనపెట్టింది. అంతటితో పోయినా బాగుండేది. పెద్ద కంపెనీ ఖాయిలా పడి బీఐఎఫ్ఆర్‌కు వెళితే 22వ సెక్షను కింద దాని మీద రికవరీ దావాలు ఆగిపోయేవి. బాలానగర్లో ప్లాంటు ఉన్న ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ 1992లో అక్కడికి చేరింది. పెద్దదానికి గొడుగు పడితే, దానికి సరుకు అరువిచ్చిన షెడ్డు ఆ గొడుగు అంచున తడిసేది: బిల్లు అడగడానికి లేదు, తన మీద బ్యాంకు మాత్రం వచ్చి పడుతుంది. 1993లో ఆలస్యపు చెల్లింపులకు వడ్డీ చట్టం వచ్చింది. కానీ ఏకైక కస్టమరు మీద కేసు వేసి మర్నాడు ఆర్డరు కోసం వెళ్లగల మనిషి ఎవరు? తర్వాత 2006లో వచ్చిన చిన్న పరిశ్రమల చట్టం 45 రోజుల గడువు, బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ, పైగా తీర్పు మీద అప్పీలుకు వెళ్లాలంటే ముందు నూటికి 75 కట్టాలని పెట్టింది. ఈ చివరిదే కాస్త పళ్లున్న నిబంధన.

ప్రైవేటు లిమిటెడ్ అని బోర్డు పెట్టుకున్నవాళ్లకు హైకోర్టు దారి. 1956 కంపెనీల చట్టంలో 433, 434 సెక్షన్లు. 500 రూపాయలకు మించిన బాకీకి కంపెనీ రిజిస్టర్డు ఆఫీసుకు నోటీసిచ్చి, మూడు వారాల్లో కట్టకపోతే కట్టలేని కంపెనీ అని భావించి లిక్విడేషను, అంటే కంపెనీ మూసివేత, పిటిషను వేయవచ్చు. పేపర్లో ప్రకటన పడాలి, ఒక ఇంగ్లీషు దినపత్రిక, ఒక తెలుగు దినపత్రిక. చాలా బాకీలు ఆ ప్రకటన పడకముందే తీరిపోయేవి, ఎందుకంటే ప్రకటన చూసిన మరుక్షణం బ్యాంకు లిమిటు ఆపేస్తుంది. కాబట్టి ఆ పిటిషను బాకీ వసూలు సాధనంగా మారింది. కట్టే స్తోమత ఉండి సతాయించేవాడి మీదే అది పనిచేసేది.

ఆర్డరు పడితే అఫీషియల్ లిక్విడేటరు. డైరెక్టర్లు 21 రోజుల్లో ఆస్తి అప్పుల వివరం ఇవ్వాలి. ఇవ్వరు. పుస్తకాలు ఆడిటరు దగ్గరున్నాయంటారు, ఆడిటరు తన ఫీజు బాకీ ఉందంటాడు. సెక్యూరిటీ గార్డులకు జీతాలివ్వడానికి లిక్విడేటరు చేతిలో డబ్బుండదు, పిటిషను వేసినవాణ్ణే డిపాజిట్ చేయమంటారు. అప్పు వసూలుకు వెళ్లినవాడు గార్డు జీతం ఇచ్చి రావడమన్నది అక్కడే చూస్తాం. ఒక మంచి మార్పు 1985లో వచ్చింది. కంపెనీల చట్టం 529-ఏ సెక్షను కింద పనివాళ్ల బాకీలు తాకట్టు బ్యాంకుతో సమానంగా నిలబడ్డాయి. 20 రూపాయల హద్దు చదివిన కళ్లతో దీన్ని చదివితే ఎంత దూరమో తెలుస్తుంది. అయితే అది కంపెనీ పనివాళ్లకే. పక్క షెడ్డు ఓనరు సొంత పేర నడిపేదైతే, అందులో అదే లేతు మీద అదే పని చేసేవాడికి వర్తించదు.

బ్యాంకు ప్రతి డైరెక్టరు చేత వ్యక్తిగత గ్యారంటీ సంతకం పెట్టించుకునేది. కంపెనీ వేరు, మనిషి వేరు అని చట్టం చెప్పిన మాట ఆ సంతకంతో చెరిగిపోయేది. చాలామంది ఓనర్ల భార్యలు కూడా డైరెక్టర్లే, చదవకుండా సంతకం చేసినవాళ్లే. అందుకే హైదరాబాదు షెడ్డు మునిగితే నోటీసు కృష్ణా జిల్లాలో ఇంటికి వచ్చేది.

2002లో సర్ఫేసీ చట్టం వచ్చాక బ్యాంకులకూ 29వ సెక్షను లాంటి చేయి దొరికింది, 60 రోజుల నోటీసుతో. 2016లో కొత్త దివాలా కోడ్. లిక్విడేషను కేసులు హైకోర్టు నుంచి కంపెనీల ట్రిబ్యునలు ఎన్‌సీఎల్‌టీకి మారాయి, మొదట హైదరాబాదు బెంచి, తర్వాత అమరావతి. ఆ కోడ్ కింద దేశంలో ఆమోదం పొందిన మొదటి పునరుద్ధరణ ప్రణాళిక విశాఖపట్నం అల్లాయ్ చక్రాల కంపెనీ సినర్జీస్ డూరేది, 2017 ఆగస్టులో, హైదరాబాదు బెంచిలో. సుమారు 972 కోట్ల బాకీకి 54 కోట్లు. పాత లెక్కలో రూపాయికి అణా కూడా లేదు. చాప మీద కూర్చున్న పెద్దమనుషుల ముందు ఆ మాట అని ఉంటే చాప ఎత్తేసేవారు.

చిన్నవాళ్ల విషయంలో 2020 మార్చిలో కేసు వేయడానికి కనీస బాకీని లక్ష నుంచి కోటికి పెంచారు. కోవిడ్ కాలంలో అది కాపాడింది నిజమే. కానీ కోటి లోపు బిల్లు రావలసిన షెడ్డు ఓనరు, పెద్ద కంపెనీని ఆ కోర్టుకు లాగే దారి కూడా అదే దెబ్బకు మూసుకుపోయింది. 2021లో చిన్న కంపెనీలకు ప్రీ-ప్యాక్ అని ఒకటి తెచ్చారు: యాజమాన్యం చేతిలోనే ఉంచి, అప్పిచ్చినవాళ్లలో విలువను బట్టి నూటికి 66 ఒప్పుకుంటే, 120 రోజుల్లో ముగించేలా. కాయితం మీద బాగుంది. దాన్ని తయారుచేయడానికి కావలసిన లెక్కలు సరిగ్గా ఉన్న యూనిటు మునిగే దాకా రాదు, అదీ చిక్కు.

ఇంతకీ పాత ఐపీ పోయిందనుకుంటున్నారేమో, పోలేదు. కొత్త కోడ్‌లో 243వ సెక్షను 1920 చట్టాన్ని రద్దు చేస్తున్నానంది, కానీ ఆ సెక్షను ఇంకా అమల్లోకి తేలేదు. వ్యక్తుల దివాలా భాగంలో 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీలకు గ్యారంటీ సంతకం చేసినవాళ్ల వరకే నడుస్తోంది. సొంత పేర కొట్టు నడిపే బట్టల వ్యాపారి, భాగస్వామ్యపు రైసు మిల్లు ఓనరు ఈరోజు ఐపీ పెట్టాలన్నా వెళ్లవలసింది సబ్ కోర్టుకే, నింపవలసింది అవే షెడ్యూళ్లు. కార్బను కాయితాలు లేవు. డీటీపీలో కొట్టి అరవై ప్రింట్లు తీస్తారు, పాలవాడి ప్రతి కూడా బ్యాంకు ప్రతి అంత నల్లగా ఉంటుంది. 1920 చట్టం 61వ సెక్షనులో గుమస్తా, కూలీల జీతాల పక్కన ఉన్న హద్దు మాత్రం 20 రూపాయలే.